సువైక్‌లో దొంగల్లేరు

ఒమన్‌లో నేరాలు లేవని అందరికన్నా గట్టిగా నమ్మేది ఒమన్ పోలీసులు కారు. రాయచోటిలోనో, అమలాపురంలోనో, జగిత్యాలలోనో పాస్‌పోర్టులు పోగేసే ఏజెంటు. "బంగారం కొట్టు తెరిచిపెట్టి నమాజుకు పోతారక్కా, ముట్టుకునే నాథుడుండడు" అంటాడు. సందేహంగా చూస్తే సెల్‌ఫోన్ తీసి రుజువు చూపిస్తాడు. ప్రపంచంలో సురక్షితమైన దేశాల పట్టిక. అందులో ఒమన్ ఏటా తొలి పది స్థానాల చుట్టూనే తిరుగుతుంటుంది. అక్కకు ఇంగ్లిష్ రాదు, అంకె మాత్రం కనబడుతుంది. సంతకం అయిపోతుంది.

ఆ అక్క చేరే ఊళ్లలో అల్ సువైక్ ఒకటనుకుందాం. మస్కట్ నుంచి సొహార్ వెళ్లే దారిలో, నూట ముప్పై కిలోమీటర్ల దూరాన, బాతినా తీరంలో ఉంటుంది. ఖర్జూర తోటలు, చేపల పడవలు, ఒక పాత కోట, ఎత్తైన ప్రహరీల వెనక విశాలమైన ఇళ్లు. వీధులు నిజంగానే ప్రశాంతంగా ఉంటాయి. అర్ధరాత్రి జేబులో రియాళ్లతో నడిచినా ఎవరూ అడ్డగించరు. ఇందులో అబద్ధమేమీ లేదు, ఒప్పుకోవాల్సిందే.

అయితే ఈ పట్టికలు తయారయ్యే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్కువమంది చూపించేది నంబియో అనే వెబ్‌సైటుది. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చిన ఒక సెర్బియా ఇంజినీరు 2009లో మొదలుపెట్టాడు. దానికి ఆధారం పోలీసు రికార్డులు కావు, సైటుకు వచ్చినవాళ్ల అభిప్రాయాలు. పగలు ఒంటరిగా నడవడానికి భయమా? రాత్రి? ఇంట్లో దొంగలు పడతారని బెంగ ఉందా? కారు ఎత్తుకుపోతారని? జవాబులు కలిపి నేరాల సూచీ కడతారు, నూరులోంచి దాన్ని తీసేస్తే భద్రతా సూచీ. లెక్క అంతే.

ఇప్పుడు ఆ ప్రశ్నలే సువైక్‌లో ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనిమనిషి వీసా మీద, ఉన్న మనిషిని అడిగి చూడండి. కారు పోతుందన్న భయముందా? కారే లేదు. ఇంట్లో సొత్తు పోతుందని బెంగా? ఇల్లూ తనది కాదు, సొత్తూ తనది కాదు. రాత్రిపూట ఒంటరిగా నడవడానికి జంకా? గేటు దాటనిస్తే కదా జంకడానికి! ఏ విధంగా చూసినా నూటికి నూరు మార్కులు. భూగోళం మీద ఆమెకన్నా సురక్షితమైన మనిషి ఉండదు. "నీ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది? జీతం ఎన్ని నెలలు బాకీ?" అన్న ప్రశ్నలు ఆ ఫారంలో లేవు. ఉన్నా నింపడానికి ఆమె చేతిలో ఫోను ఉండాలి కదా.

పాస్‌పోర్టు లాక్కోవడం ఒమన్‌లో తప్పేనని 2006లోనే సర్క్యులర్ వచ్చింది. శిక్ష ఏమిటో రాయడం మాత్రం మరిచారు. 2003 నాటి కార్మిక చట్టం ఇంటిపనివాళ్లను తన పరిధిలోకి రానివ్వలేదు. ఇరవై ఏళ్లు ఆలోచించి 2023లో తెచ్చిన కొత్త చట్టమూ వాళ్లను గుమ్మం బయటే నిలబెట్టింది. హ్యూమన్ రైట్స్ వాచ్ 59 మంది ఇంటిపనివాళ్లతో మాట్లాడి 2016లో ఒక నివేదిక వేసింది. దానికి పెట్టిన పేరు 'నన్ను అమ్మేశారు'. గోడ దూకి పోలీసుల దగ్గరికి వెళ్లిన కొందరిని తిరిగి అదే ఇంటికి పంపారని అందులో ఉంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ముందుగా వెళ్లి "మా పనిమనిషి పారిపోయింది" అని ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు, నేరస్థురాలు ఆమే. జీతం ఎగ్గొట్టింది ఒకరు, కేసు ఇంకొకరి మీద. అప్పటిదాకా ఇంట్లో జరిగిందంతా కుటుంబ వ్యవహారం. ఆమె వీధిలో కాలుపెట్టిన క్షణాన ఊళ్లో నేరం పుట్టింది!

ఆ తర్వాత ఆమె ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. దొరికితే జైలు, దొరక్కపోతే దొంగచాటు పని. నాలుగైదేళ్లకొకసారి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2015లో ప్రకటించింది, 2020 నవంబరులో మళ్లీ ప్రకటించింది. జరిమానా లేకుండా వెళ్లిపోనిస్తారు. పారిపోయినందుకు ఆమెను క్షమిస్తారన్నమాట. ఆమె ఎవరినైనా క్షమించాలా వద్దా అన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇదంతా అరబ్బుల నిర్వాకమని మనం మీసం మెలేయనక్కర్లేదు. ప్రపంచంలో సీసీ కెమెరాలు ఎక్కువున్న నగరాల జాబితాల్లో హైదరాబాద్ పేరు గర్వంగా చెప్పుకుంటాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర కనబడకుండా పోయిన పశువైద్యురాలి కోసం ఇంటివాళ్లు స్టేషన్‌కు పరుగెత్తితే, అది తమ పరిధిలోకి రాదన్న జవాబు దొరికింది. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ సమయానికి ఆ స్టేషన్ లెక్కల్లో ఆ రాత్రి శాంతియుతమే. కేసుల నమోదు పెరగడం వేరు, నేరాలు పెరగడం వేరు అని జాతీయ నేర రికార్డుల బ్యూరోయే తన నివేదికల్లో మొత్తుకుంటుంది. ఎవరు వింటారు? ఫిర్యాదు ఇస్తే రాసుకునే కేరళ నేరాల రేటులో పైన కనబడుతుంది. ఫిర్యాదుదారుణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, రాజీ చేసి పంపే స్టేషనున్న చోట రామరాజ్యం కనబడుతుంది.

మళ్లీ సువైక్‌కే వద్దాం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెలంగాణ మీదుగా బలహీనపడుతూ వెళ్లి, అరేబియా సముద్రంలో తిరిగి లేచి, షహీన్ అని పేరు మార్చుకుని, అక్టోబరు 3న సరిగ్గా ఈ సువైక్ ప్రాంతంలోనే ఒడ్డెక్కింది. ఒమన్‌లో పది మందికి పైగా చనిపోయారు. సిక్కోలు తీరం నుంచి బాతినా తీరం దాకా ఏజెంటు లేకుండా, వీసా లేకుండా వెళ్లిన ఆ గాలిని వాతావరణ శాఖ ఒక్క పూట వదలకుండా వెంటాడింది. ఎక్కడుంది, ఎటు తిరిగింది, పేరెప్పుడు మారింది, అన్నీ బులెటిన్లలో ఉన్నాయి.

అదే దారిలో వెళ్లిన ఆడమనిషికి అంత మర్యాద లేదు. ముప్పై ఏళ్లు నిండనివాళ్లను గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదని మన నిబంధన. ముప్పై నిండినవాళ్లనైనా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి; ఆంధ్రాకు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అందుకే ఉన్నాయి. ఏజెంటు దగ్గర దీనికి చవకైన మందుంది: విజిట్ వీసా. విమానాశ్రయంలో ఆమె పర్యాటకురాలు. నెలకు వంద రియాళ్ల ఆశతో, ఊళ్లో వడ్డీకి తెచ్చిన అప్పుతో, ఒక్క చేతిసంచితో బాతినా తీరం చూడబోతున్న పర్యాటకురాలు. కాబట్టి పనికోసం దేశం దాటేవాళ్లను నమోదు చేసే ఈమైగ్రేట్ లెక్కల్లో ఆమె పేరుండదు. పేరు లేదు కాబట్టి ప్రవాసీ భారతీయ బీమా పది లక్షలూ ఉండవు. రేపు ఏదైనా జరిగి ఇంటివాళ్లు కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకుంటే, పని కోసం అలాంటి మనిషి దేశం దాటినట్టు రికార్డు లేదంటారు. ఏజెంటు అప్పటికి ఇంకో వీధిలో, ఇంకో అక్కకు, ఈ ఏడాది కొత్త పట్టిక చూపిస్తుంటాడు.