ఇంటిపట్టున నఖచిత్రలేఖనము

వాత్స్యాయనుడు కామసూత్రములయందు దేశభేదమునుబట్టి గోళ్ళను మూడు తెగలుగా విభజించుచు, గౌడదేశీయుల గోళ్ళు పొడవై చేతికి శోభ గూర్చి చూపరుల మనసు నాకర్షించుననియు, మహారాష్ట్రులవి నడితరముగానుండి ఉభయగుణములు గలవనియు, దాక్షిణాత్యుల గోళ్ళు మాత్రము పొట్టివై పనికి ఓర్చుకొనుననియు సెలవిచ్చియున్నాడు. అంటుగిన్నెలు తోమియు, చింతపండు పిసికియు, వెల్లుల్లి రేకలు ఒలిచియు ఆ ఋషివాక్యమును తరతరములుగా రుజువు చేయుచు వచ్చిన మన స్త్రీలోకమునకు ఈ అపఖ్యాతినుండి విముక్తి కలిగించుటయే నఖచిత్రలేఖనమను నవీనకళకు పరమప్రయోజనము. పనికి ఏమాత్రమును ఓర్వని గోళ్ళను ఇంటిపట్టుననే, స్వల్పవ్యయముతో, సిద్ధము చేసికొను విధానమును ఇచ్చట వివరింప బూనుచున్నాను.

మొదట ముహూర్తము. తెలియనివారు తీరిక దొరికినప్పుడు రంగు వేసికొందురు. తీరికవేళ వేసికొన్న రంగు ఆరినను ఆరకున్నను లోకమునకు వచ్చు నష్టమేమియు లేదు గనుక దానిని గమనించువారెవ్వరును ఉండరు. ఈ కళకు ప్రశస్తమైన వేళ ఇంటిలో పని ముమ్మరముగా సాగు సమయము. నానిన మినపపప్పు రుబ్బుటకు సిద్ధముగానున్నపుడు, పండుగ ముందునాటి సాయంకాలము అమ్మగారు బూజుకర్ర చేతబట్టి పిల్లలను పేరుపేరున పిలుచుచున్నపుడు, మేడపైన ఆరబెట్టిన వడియములమీదికి మబ్బు కమ్ముకొని వచ్చుచున్నపుడు, పది వ్రేళ్ళును ఎడమెడముగా చాచి, తపస్సునకు కూర్చున్నంత నిశ్చలముగా కూర్చుండవలెను. "ఏమే, వడియాలు తడిసిపోతున్నాయే, ఒక్క పరుగున వెళ్ళి తీసుకురా!" అను కేక వినబడగానే, తలయెత్తక, మిక్కిలి విచారముతో, "గోళ్ళు తడిగా ఉన్నాయమ్మా" అనవలెను. ఈ మూడు మాటలకు ప్రత్యుత్తరము ఇంతవరకు ఏ తల్లియు కనిపెట్టలేదు. జ్వరమునకు కషాయమున్నది, తలనొప్పికి అమృతాంజనమున్నది, పరీక్షల చదువని చెప్పినచో "మొన్నటి మార్కులు చూశాంలే" యను ఎత్తిపొడుపున్నది, తడిగోళ్ళకు మాత్రము మందు లేదు.

అత్తవారింట ఈ ప్రయోగము చేయదలచినవారు మొదట అత్తగారి గోళ్ళకు రంగు వేయవలెను. ఆమె చేతులును తడిగానున్నంతసేపు ప్రశ్నించువారుండరు. వంట సంగతి మామగారే ఏదో ఒక విధముగా చూచుకొందురు.

రంగు ఆరుటకు ఎంతసేపు పట్టునని అడుగువారికి చెప్పవలసిన సమాధానములు రెండు గలవు. పైపొర కొద్ది నిమిషములలోనే ఆరినట్లు కనబడును. లోపలిపొరలోని ద్రావకము పూర్తిగా ఆవిరియై పోవుటకు గంటయు అంతకు మించియు పట్టవచ్చును. సినిమాకు బయలుదేరునపుడు మొదటి సమాధానమును, గిన్నెలు తోమవలసినపుడు రెండవ సమాధానమును చెప్పుకొనవలెను. రెండును నిజములే యగుటవలన సత్యదోషము లేదు. రాత్రి వేసికొని తొందరపడి నిద్రించినవారి గోళ్ళపై తెల్లవారునప్పటికి దుప్పటినేత పోగుపోగున అచ్చుపడియుండును. దానిని చేనేత నమూనాయని చెప్పుకొన్నచో కాదనువారుండరు.

ఇక సామగ్రి. సీసాలోనున్న ఆ ద్రవము సామాన్యమైనది కాదు. దూదిని నత్రికామ్ల గంధకికామ్లములతో సంస్కరింపగా వచ్చు నైట్రోసెల్యులోజును ఇథైల్ అసిటేటు, బ్యూటైల్ అసిటేటు వంటి ద్రావకములలో కరగించి, రంగుపొడి కలిపి దీనిని చేయుదురు. ఈ నైట్రోసెల్యులోజే ఒకప్పుడు తుపాకిమందై యుద్ధభూములలో పేలినది. 1950 ప్రాంతమువరకు సినిమారీళ్ళై టాకీసులలో ఆడి, అప్పుడప్పుడు ఆ టాకీసులనే తగులబెట్టినది. ఇప్పుడు శాంతించి చిటికెనవ్రేలిపై గులాబిరంగున వెలయుచున్నది. 1932లో అమెరికాలో రెవ్‌లాన్ సంస్థ ఈ ఒక్క సరకుతోనే వ్యాపారమునకు దిగినది. 1952లో టాటాలవారు లక్మే పేరిట అలంకారసామగ్రి తయారీకి పూనుకొన్నపిమ్మట స్వదేశీ సీసాలును మన అంగళ్ళలోనికి వచ్చినవి.

మీకు చేజిక్కు సీసా మాత్రము ఇంత చరిత్ర గలదానివలె కనబడదు. సగము వంతు రంగు నాన్నగారు తాళపుచెవులకు గుర్తు పెట్టుటకు వాడియుందురు. రంగులేని సీసాయైనచో గిల్టునగలు నల్లబడకుండ అమ్మమ్మగారు గాజులకు, గొలుసులకు పూసి ముగించియుందురు. మిగిలినది తుమ్మబంకయై మూతను కరచిపట్టుకొని యుండును. మూతను వేడినీటిలో కొంతసేపు ఉంచినచో వదలును. పిదప సీసాలోని చిన్న ఉక్కుగుండ్లు గలగలలాడునట్లు బలముగా ఊపుట సంగీతాభిమానులకు రుచించును గాని, అట్లూపినచో గాలిబుడగలు చేరి గోటిపై పొక్కులు లేచును. అరచేతులనడుమ మెల్లగా దొర్లించుట శాస్త్రసమ్మతము; అయితే పొక్కులు లేని గోటిని చూచి బ్యూటీపార్లరులో వేయించుకొన్నావేమోయని ఇంటివారు లెక్క అడిగెదరు గనుక, ఒకటి రెండు పొక్కులుండుట క్షేమము.

అసలు పరీక్ష చేతులు రెండగుటవలన వచ్చినది. కుడిచేతివాటము గలవారు ఎడమచేతి గోళ్ళను చిత్రించునపుడు తమ్ము తాము రవివర్మలని భావించుకొందురు. ఆ భావనకు కారణము లేకపోలేదు. గోటిమొదలున చర్మమునకు వెంట్రుకవాసి దూరములో కుంచె నానించి, నడుమ నొక గీతయు, ఇరుప్రక్కల రెండు గీతలును లాగినచో గోరు నిండును. నాలుగవ గీత లోభమునకు చెందినది. ఇట్లు అయిదు వ్రేళ్ళు ముగియునప్పటికి కళ వశమైనదను గర్వము కలుగును. అంతట కుంచె చేయి మారును. ఎడమచేయి పుట్టినది మొదలుగా తరుగువేళ వంకాయను కదలకుండ పట్టుకొనుటయు, ఫోనులో మాటలాడువేళ ఫోను మోయుటయు తప్ప స్వతంత్రముగా ఏ ఘనకార్యమును చేసి యెరుగదు. అట్టిదానికి ఒక్కసారిగా కుంచె నప్పగించి తామరరేకులు దిద్దుమన్నచో వణకుటలో దాని దోషమేమి? రంగు గోటిని మించి చర్మమునకును, చర్మమును మించి మొదటి కణుపువరకును వ్యాపించును. తుడువబోగా తుడుచుచున్న చేతి రంగు చెడును. దానిని సరిచేయబోగా రెండవది చెడును.

ఈ సందర్భమున మన ఆచారములు కళాకారిణికి సహకరింపవని విన్నవించుట నా విధి. తాంబూలము పుచ్చుకొనుట, ప్రసాదము పట్టుట, డబ్బు చెల్లించుట, ఆశీర్వచనమునకు అక్షతలు చల్లుట అన్నియు కుడిచేతితోనే జరుగవలెను. కావున పేరంటమునకు పోయినపుడు మీ కళాఖండములు గల ఎడమచేయి కొంగుచాటున అణగియుండును. ఎర్రటి కణుపులు గల కుడిచేయి శనగల పొట్లమునకు నలుగురి యెదుట ముందుకు సాగును. భోజనముననూ అదే అన్యాయము. కుడిచేతి గోళ్ళకు తెలుపో లేతగులాబియో వేసికొన్నవారు ముద్దపప్పులో ఆవకాయ కలిపిన పిమ్మట చేయి కడిగి చూచుకొన్నచో, తాము ఎన్నడును కొనని పసుపుపచ్చ రంగొకటి ఉచితముగా లభించియుండును.

మొదట ఎడమచేతిచేత కుడిచేతికి వేయించుట, కుంచెను కదల్పక బల్లపై ఆనించిన వ్రేలినే మెల్లగా త్రిప్పుట అను రెండు ఉపాయములు అనుభవజ్ఞులు చెప్పుదురు. రెండును పనిచేయును. చెల్లెలు గలవారు మూడవ ఉపాయమునకు లోబడుదురు. ఆమె చక్కగనే వేయును, వేతనముగా ఆ సీసాయును, మీ క్రొత్త ఓణీయును, మీకు సంబంధించిన రహస్యమొకటియు తీసికొనిపోవును.

చిత్రములలో సులభతమములు చుక్కలు. చుక్కలముగ్గు పెట్టుట వచ్చినవారు వాకిలి అరసెంటీమీటరునకు కుదించుకొనిపోయినదని తలచుకొన్న చాలును. పిన్నీసు తలయో, అగ్గిపుల్ల కొనయో, జడపిన్ను గుండో దీనికి సరిపోవును. సెల్లోటేపు ముక్కను అడ్డముగా అంటించి కొనకు తెలుపు వేయుట మరియొక పద్ధతి. టేపు తీయునపుడు తెలుపుతో కూడ అడుగురంగును లేచివచ్చుట దీని విశేషము. రాళ్ళు పొదుగదలచినవారు అంగడికి పోనక్కరలేదు. అద్దమునకంటించిన బొట్టుబిళ్ళలలో సన్ననివి ఏరి తడిరంగుపై అద్దినచో గోరు నవరత్నఖచితమగును. వానిలో నొకటి మరునాడు పులిహోరలో దొరకినచో అది ఎవ్వరిదో తెలియనట్లు ఆశ్చర్యపడవలెను.

ఎక్కువ ఖ్యాతి గడించినది నీటిపాలరాయి పద్ధతి. గ్లాసుతో నీరు పెట్టుకొని, అందులో నొక చుక్క రంగు జారవిడిచినచో అది రేకువలె పరచుకొనును. దానినడుమ వేరొక రంగు, దానినడుమ మరల మొదటిది విడువగా వలయములో వలయము పుట్టును. పిన్నీసుమొనతో మెల్లగా లాగినచో అవి నెమలికన్నులై విచ్చుకొనును. నీరు ఫ్రిజ్జునుండి తీసినదైనచో రంగు పరచుకొనకముందే బిగిసిపోవును గనుక గది వేడిమికి వచ్చిన నీరే కావలెను. వ్రేలిని గోరు క్రిందుగా ముంచి, పైని మిగిలిన పొరను పుల్లతో ఏరివేసి, వ్రేలు పైకెత్తవలెను. ఇది నిజముగా అందమైన విద్య. ఈ ఒక్కచోట వెక్కిరింపు నాకు నోటరాదు. అయితే గ్లాసు విషయమున జాగ్రత్త వలయును. ఇందుకు అమ్మగారి పెండ్లికి వచ్చిన, దాత పేరు చెక్కియున్న స్టీలుగ్లాసే చేతికి దొరకును. నీటిమట్టముకడ దానిలోపల ఏర్పడిన నీలవలయము సబ్బుకు లొంగదు. ఆ దాత పెదనాన్నగారైనచో ఈ సంగతి ఇంటినుండి ఇంటికి ప్రాకును. కాగితపు కప్పు చాలును.

ఇంతలో అమ్మమ్మగారు వచ్చి చూచి, "మా రోజుల్లో ఈ సీసాలెక్కడివే, ఆషాఢం వచ్చిందంటే చెట్టుకెళ్ళి గోరింటాకు కోసుకొచ్చి, రోట్లో వేసి రుబ్బి పెట్టుకునేవాళ్ళం" అని ఉపన్యాసము ప్రారంభించుట తథ్యము. ఆమె చెప్పినదానిలో రసాయనశాస్త్రము ఆమెపక్షముననే యున్నది. సీసారంగు గోటిపై పొరగా నిలిచి, నీరు పీల్చి ఉబ్బి మరల ఆరి ముడుచుకొను గోటితో సాగలేక, నాలుగు పూటల అంట్లకే పెచ్చులూడును. గోరింటాకులోని లాసోను అను వర్ణద్రవ్యము గోటి కెరటినుతో బంధము కలుపుకొనును గనుక, గోరు పెరిగి కత్తిరింపబడినగాని ఆ ఎరుపు పోదు; చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును గనుక, మొదలంట మారుటకు దాదాపు 6 నెలలు పట్టును. అరచేత చందమామయు, చుట్టును చుక్కలును, వ్రేళ్ళకు టోపీలును తప్ప వేరు చిత్రమెరుగని ఆ కాలమున ఎంత పండునో అంత మంచి మగడు వచ్చునన్న ఆశయు నుండెడిది. ఆ ఫలితములను నేను పరిశీలించి చూచితిని. ఎరుపునకును మగనికిని సంబంధము కానరాలేదు.

అమ్మమ్మగారు చెప్పక దాచినది వేరొకటి గలదు. గోరింటాకు పెట్టుకొన్న రాత్రి ఆమెకు నోటికి ముద్ద అందించినదెవరు? దాహమైనపుడు గ్లాసు పట్టినదెవరు? దోమ కుట్టినపుడు గోకినదెవరు? అత్తాకోడండ్రు ఒక కప్పు క్రింద నుండరాదని క్రొత్తకోడలిని పుట్టింటికి పంపు ఆషాఢమాసముననే, పది వ్రేళ్ళను పనికిరాకుండ కట్టిపెట్టు ఈ వేడుకను ఏర్పరచిన పూర్వస్త్రీల బుద్ధికుశలతకు నమస్కరింపవలెను. వారు రాత్రియంతయు సంపాదించిన విశ్రాంతిని నేటి యువతి గంటసేపటికి కుదించుకొనినది. ఈ విషయమున మనము క్షీణించితిమి.

గంట చాలదనువారు జెల్ రంగులవైపు చూచుచున్నారు. అది గాలికి ఆరదు. అతినీలలోహిత కాంతినిచ్చు దీపము క్రింద పెట్టినగాని గట్టిపడదు. చౌకదీపముతో సగము గట్టిపడిన జెల్ చర్మమున కంటినచో అందలి యాక్రిలేటులకు శరీరము ఎదురుతిరిగి, ఆ ఎలర్జీ జీవితాంతము వెన్నాడవచ్చును. పంటి డాక్టరు పిప్పిపన్ను పూడ్చు సామగ్రిలోనూ అట్టి పదార్థములే యుండును గనుక, గోటితో మొదలైన కథ పంటివరకు పోవచ్చును.

వేసిన రంగును తీయుట యొక ప్రత్యేకాధ్యాయము కావలసినది గాని, లోకమున దానిని బస్సులోను, తరగతిలోను, ఆఫీసు మీటింగులోను, ఒక గోటితో మరియొక గోటిని గీకియే సాధించుచున్నారు. అట్లు గీకినచో గోటి పైపొరయు లేచిపోయి, క్రొత్తగోరు వచ్చువరకు గరుకుగా నిలుచును. ఆస్పత్రిలో ఆపరేషనుకు పోవలసినవారు మాత్రము ముందుగనే తీసివేయవలెను. రక్తమున ప్రాణవాయువు నెంచు పరికరమును వ్రేలికొననే తగిలింతురు, రంగు దాని లెక్కను తప్పింపవచ్చును.

సరియైన సాధనము అసిటోను. దూదిని తడిపి గోటిపై కొంతసేపు అదిమిపట్టి తుడువవలెను. పైని చెప్పిన సలహాలను పాటించుటయు మానుటయు మీ చిత్తము. ఈ ఒక్కటి మాత్రము హాస్యమునకు చెప్పినది కాదు. అసిటోను అంటుకొనుటకు మంట దానిని తాకనక్కరలేదు, ఆవిరి చేరిన చాలును. ఆ సీసాను, తడిసిన దూదిని వంటింటికిని దేవుని దీపమునకును దూరముగా, కిటికీ తెరచిన గదిలో ఉంచుకొనుడు. మూత బిగించుట మరువకుడు.