చుక్కలో అయిదెకరాలు

గట్టు తగాదా లేని ఊరు ఉండదు. వేణుగోపాలస్వామి దయవల్ల మా ఊరు నెమలికి చుట్టుపక్కల మంచి పేరే ఉంది గానీ, గట్ల దగ్గరికొచ్చేసరికి మేమూ అందరిలాంటివాళ్లమే. వెనకటికి ఈ తగాదాలకి గొలుసు, సర్వే రాళ్లు, నలుగురు పెద్దమనుషులు కావలసొచ్చేవి. ఇప్పుడు ఫోనూ, అందులో ఛార్జింగూ ఉంటే చాలు.

"ఒరే అబ్బాయ్, వాడి గట్టు మన చేలోకి ఎంత జరిగిందో చూడరా" అంటూ మా బాబాయి ఉపగ్రహ పటం తెరిచాడు. రెండు వేళ్లతో సాగదీశాడు. ఆకుపచ్చ మచ్చ కనపడింది. ఇంకాస్త సాగదీశాడు. మచ్చ పెద్దదైంది.

"కనపడిందా?"

"మచ్చ కనపడింది బాబాయ్."

"అదేరా గట్టు!"

ఈ పటాల లెక్క నిజానికి తేలిక. జూమ్ సున్నా దగ్గర ప్రపంచమంతా 256 పిక్సెళ్ల చదరంలో ఇమిడిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో చుక్క వెడల్పు 156 కిలోమీటర్ల పైమాటే. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే అది సగం, సగం అవుతుంది. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి నూటికి నాలుగు చొప్పున తగ్గించుకోవాలి. ఆ లెక్కన పదో మెట్టులో చుక్క వెడల్పు 146 మీటర్లు, అంటే అయిదెకరాల పైచిలుకు. ఊళ్లో మీసం మెలేసే అయిదెకరాల ఆసామి, బోరుతో సహా, ఒక్క చుక్క! అదే మెట్టులో ఆంధ్రా, తెలంగాణాల మధ్య మూడు చుక్కల మందాన గీత గీస్తే దాని కింద 440 మీటర్ల నేల పోతుంది. ఆ గీత కింది రైతు ఏ ముఖ్యమంత్రికి అర్జీ పెట్టుకోవాలి?

పద్దెనిమిదో మెట్టులో చుక్క 57 సెంటీమీటర్లకి దిగుతుంది. సెంటు నేలకి 124 చుక్కలు. ఇది విని బాబాయి మీసం దువ్వాడు. కానీ తెర మీద చుక్క వేరు, ఉపగ్రహం చూసిన చుక్క వేరు. 2005లో మన ఇస్రో పంపిన కార్టోశాట్-1 కంటికి ఆనేది రెండున్నర మీటర్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చూపు 10 మీటర్లు. మా గట్టు వెడల్పు మూరెడు. మజ్జిగలో నీళ్లు పోస్తే గిన్నె నిండుతుంది గానీ చిక్కదనం రాదు. జూమ్ చేసినా అంతే. పైగా బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా నేల మీద సరిగ్గా కూర్చోకపోతే గట్టు, చెట్టు, బావి కట్టగట్టుకుని పక్క చేలోకి వలసపోతాయి.

ఇక స్కేలు సంగతి. సర్వే ఆఫ్ ఇండియా కాగితం పటంలో 1:50,000 అంటే సెంటీమీటరుకి అర కిలోమీటరు. దాన్ని మడిచి జేబులో పెట్టినా మాట తప్పదు. అదే బొమ్మని ఫోనులోంచి టీవీకి ఎక్కిస్తే ఆ అంకె అబద్ధమైపోతుంది. తెర మీద నమ్మదగ్గది మూలన ఉండే చిన్న కొలత గీత ఒక్కటే, అది పటంతో పాటే పెరిగి పటంతో పాటే తగ్గుతుంది.

కాబట్టి పాఠకులారా, దారి వెతుక్కోవడానికి ఫోను వాడండి, తప్పులేదు. గట్టు మీద అనుమానముంటే మాత్రం హద్దు కొలవమని ఎఫ్-లైన్ అర్జీ పెట్టి సర్వేయరుని పిలిపించండి. ఆయన వచ్చి కొలిచేదాకా పారకి పని చెప్పకండి.