దొంగగారికి మా మర్యాదలు

గోదావరి జిల్లాల మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది. అది దొంగగారి దాకా వెళ్లిందని మాత్రం గండి పోచమ్మ గుడి దగ్గర పాపికొండల బోటెక్కే జనాన్ని చూస్తేగానీ తెలియదు.

కారు ఆగుతుంది. రాజమహేంద్రవరంలో బయల్దేరేటప్పుడు వెనకసీట్లో పడేసిన సామాను అప్పుడు గుర్తొస్తుంది. "ఏవండీ, నా హ్యాండ్‌బ్యాగు డిక్కీలో పెట్టండి, గొలుసు అందులోనే ఉంది!" అని రేవంతా వినబడేలా ఇల్లాలి ప్రకటన. ఆయన డిక్కీ ఎత్తి, లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి, తువ్వాలు మీద పూతరేకుల డబ్బా పెట్టి, ఓసారి చుట్టూ చూసి మూస్తారు. ఆ చూపుంది చూశారూ, అప్పటిదాకా తన టీ తను తాగుతున్నవాడు కూడా దానికి ఇటు తిరుగుతాడు. ఆ సర్దుడేదో ఇంటి గుమ్మంలోనే కానిచ్చుకొస్తే లోపలేముందో పోచమ్మ తల్లికి తప్ప తెలియదు. కానీ చూసేవాళ్లు లేకుండా దాచుకోవడం కూడా ఒక దాచుకోవడమేనా?

తర్వాత బోటు ముందు సెల్ఫీ. దాని కింద, "సాయంత్రం దాకా సిగ్నల్ ఉండదు ఫ్రెండ్స్!" ఊళ్లో ఇంటికీ, రేవులో కారుకీ కలిపి ఒకటే శుభలేఖ. తాళం వేసిన ఇళ్లకు కెమెరా పెడతామని మన పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ తెచ్చారు. కారుకి నిమ్మకాయే గతి. బావమరిది కానిస్టేబులైతే 'పోలీస్' స్టిక్కరు అదనం.

నల్ల ఫిల్ము వేయిద్దామంటే 2012లో సుప్రీంకోర్టు వద్దంది. లోపలేం జరుగుతోందో పోలీసులకు కనబడాలి కదా. సీటు మీదేముందో మిగతావాళ్లకీ కనబడుతోంది.

ఇక పార్కింగ్ టికెట్. 'వస్తువులకు మా బాధ్యత లేదు' అని దాని మీదే ఉంటుంది. మరి డబ్బులెందుకయ్యా అంటే, ఆయ్, ఆ ముక్క అచ్చేయించినందుకండీ! 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో ఒక అతిథి మారుతి జెన్ పోయింది. తాళాలు చేతికి తీసుకున్నాక ఈ ముక్క చూపించి తప్పించుకోలేరని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మన తాళాలు మన జేబులోనే పాపికొండలు చూసొస్తాయి. కాబట్టి ఆ తీర్పు మనతో బోటెక్కదు. బీమా కంపెనీ పగిలిన అద్దం దాకా వస్తుంది, పోయిన లాప్‌టాప్ దగ్గర మామూలుగా ఆగిపోతుంది.

అమెరికాలో యోసెమిటీ అడవికి వెళ్తే కార్లు బద్దలుకొట్టేది ఎలుగుబంట్లు, అదీ తిండి కోసం. అక్కడి సర్కారు ఇనప పెట్టెలు బిగించి, తిండి అందులో పెట్టుకోకపోతే జరిమానా అంటుంది. 2027లో మనకి పుష్కరాలు. మునకేసేవాడు ఫోనూ పర్సూ నీళ్లలోకి పట్టుకెళ్లలేడు. ఘాట్ల దగ్గర పెట్టెలు పెట్టించండని అడగాలంటే ముందు ఎలుగుబంట్లని రప్పించాలేమో.

2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మాత్రం ఒక వెసులుబాటుంది. దొంగసొమ్ము 5 వేల లోపై, శిక్ష పడటం అదే మొదటిసారై, సొమ్ము తిరిగిచ్చేస్తే జైలు బదులు సమాజసేవ. ఆ సేవేదో మన పార్కింగుల్లోనే వేయిస్తే, టికెట్ చింపేవాడి పక్కన పని తెలిసినవాడు ఒకడైనా కాపలా ఉంటాడు.