నియమభక్తుడు

లోకమున ఆట లాడువారు కొందరు, ఆట చూచి యానందించువారు కొందరు. ఈ రెండు తెగలకును చెందక, ఆట నియమావళిని మాత్రమే నిత్యపారాయణము చేయు మూడవ తెగవా డొక్కడు, అమెరికాదేశమున బేస్‌బాల్‌ను పాచికలతో ఆడుకొను ప్రతి మిత్రమండలిలోను తప్పక కానవచ్చును. ఆయన బంతి విసరి యెరుగడు, బ్యాటు పట్టి యెరుగడు, స్టేడియమునకు పోయిన ఎండ తగులునని పోనే పోడు; అయినను ఏటేట ఆ మండలి కప్పు ఆయన యింటి అల్మరాలోనే విశ్రమించుచుండును.

1961లో హాల్ రిచ్‌మన్ 'స్ట్రాట్-ఓ-మ్యాటిక్' అను ఆటను అమ్మకమునకు పెట్టినప్పుడు, నిజమైన సీజను లెక్కల ననుసరించి ఆటగాని కొక కార్డు చొప్పున నిచ్చి, మూడు పాచికల సాయమున బేస్‌బాల్ మైదానము నంతయు బల్లమీదికి దింపెను. ఒక పాచికపై 3 వరకు పడిన ఫలితము బ్యాటరు కార్డులోను, అంతకు మించి పడిన పిచ్చరు కార్డులోను చూడవలెను. తక్కిన రెండు పాచికల మొత్తము ఏ వరుసయో చెప్పును. సామాన్యు లింతవరకు తెలిసికొని సంతోషముగా పాచికలు వేయుదురు. మన భక్తుని సాధన ఇక్కడ మొదలగును. రెండు పాచికలపై 7 అను మొత్తము 36 విధములలో 6 విధముల వచ్చుననియు, 12 ఒక్క విధముననే వచ్చుననియు ఎరిగినవాడగుటచే, ఏడవ వరుసలో ఏమున్నదో చూడక ఎంతటి వీరునైనను ఆయన గడప తొక్కనీయడు. బంతి పట్టు నేర్పును తేల్చు ఫీల్డింగు పరీక్షలు షార్ట్‌స్టాప్‌నకు తరచుగాను, లెఫ్ట్ ఫీల్డరునకు అరుదుగాను తగులును గనుక, బంతి పట్టనేరని బలశాలి నొకని లెఫ్ట్ ఫీల్డులో నిలిపి, "అక్కడ గుంజ పాతినను చాలు" నని సెలవిచ్చును. శకునివలె పాచికలను వశపరచుకొనవలసిన అగత్య మాయనకు లేదు. పాచికలు ధర్మముగనే పడును, అధర్మమునకు వలసిన ఏర్పాట్లన్నియు కార్డుల యెంపికలోనే ముగిసియుండును.

1957 సీజను కార్డులతో లీగు నడుపుటకు మిత్రులొక సాయంకాలము ఆటగాండ్రను వంతులవారీగా కోరుకొను డ్రాఫ్టునకు కూర్చుందురు. మొదటివాడు ఆ యేట .388 బ్యాటింగు సగటు గల టెడ్ విలియమ్స్‌ను, రెండవవాడు .365 గల మిక్కీ మాంటిల్‌ను, మూడవవాడు 44 హోమ్‌రన్లు కొట్టిన హ్యాంక్ ఆరన్‌ను కోరుకొందురు. నాలుగవ వంతు మన భక్తునిది. కళ్లద్దములు తీసి, తుడిచి, మరల పెట్టుకొని, తాపీగా "బాబ్ హేజిల్" అనును.

"ఎవరండీ ఆయన?" అని యొక క్రొత్తవాడు.

".403, నాయనా!"

ఈ హేజిల్ మిల్వాకీ బ్రేవ్స్ జట్టున ఆరన్‌తోడి ఆటగాడే. ఆ వేసవి ద్వితీయార్ధమున వచ్చి, 41 ఆటలలో 134 మారులు బ్యాటు పట్టి, చెలరేగి, 'హరికేన్' అను బిరుదము పొంది, మరుసటి యేటితోనే పెద్ద లీగులనుండి నిష్క్రమించెను. కాని కార్డునకు నిష్పత్తి తెలియునే గాని అలసట తెలియదు. 41 ఆటల మెరుపును 154 ఆటల సీజను పొడవున సాగదీసినను చినుగదు. కావున ఆరన్ పేరెత్తిన ఆవులించు నీ భక్తుడు, హేజిల్ పేరెత్తగానే గద్గదకంఠుడగును. చరిత్ర మరచిన అల్పాయుష్కుల నందరిని తిథులతో సహా స్మరించు పుణ్యాత్ము డాయన యొక్కడే యని చెప్పిన అతిశయోక్తి కాదు.

కంప్యూటరు ఆటలు వచ్చిన పిమ్మట ఆయన చేయి మరింత తిరిగినది. నలుగురు అనామకులను మూటగట్టి యిచ్చి, ప్రతిఫలముగా ఒక మహావీరు నడిగి, ఎదుటి జట్టును నడుపు యంత్రమేనేజరు మారుమాటాడక ఒప్పుకొనినప్పుడు, "అన్యాయ మేమున్నది? ఇరువురకును సమ్మతమే గదా!" అనును.

తుదకు మిత్రులు విసిగి, క్రొత్త నియమము చేయవలెనని తీర్మానించిరి. వ్రాయువా డెవడు? పాత నియమముల నన్నింటిని చదివినవాడు ఆయన యొక్కడే గనుక, ఆ భారమును ఆయనకే యొప్పగించిరి. నిజజీవితమున పట్టిన మారులకు మించి లీగు సీజనులో ఎవడును బ్యాటు పట్టరాదని ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. అందరును కరతాళధ్వనులు చేసిరి. 134 మారులు ముగియగానే హేజిల్ బెంచి యెక్కెను. సీజను ముగిసి, విజేతను తేల్చు వరల్డ్ సిరీస్ రాగానే దిగెను.

"ఇదేమండీ!" అని మిత్రులు గగ్గోలుపెట్టిరి.

"నియమము సీజనును గూర్చినది, ఇది సిరీస్ కదా!"

అప్పుడొకడు చరిత్రగ్రంథము తెరచి, 1957 నాటి అసలు వరల్డ్ సిరీస్‌లో ఆరన్ .393 కొట్టగా, ఈ హేజిల్ 13 మారులు పట్టి రెండే హిట్లు కొట్టెనని చదివి వినిపించెను. భక్తుడు దయార్ద్రదృష్టితో వానిని చూచి, "ఆ పదమూడును కార్డులో అచ్చుపడలేదు నాయనా," అని పాచికలు చేతికి తీసికొనెను.