వజ్రం తర్వాత మన బండే!

మా దర్శిలో పొదిలి రోడ్డు టీ కొట్టు ముందు కాసేపు నిలబడండి. ఆగిన ప్రతి బండీ అద్దమే. దిగినవాడు టీ చెప్పకముందే జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి ట్యాంకు నిమురుతాడు. కన్నపిల్లల్ని అట్లా నిమిరితే బాగుపడేవాళ్ళు.

మా మేనల్లుడూ సిరామిక్ కోటింగు వేయించాడు. నా డబ్బుతోనే, నాలుగు వేలు. బండికి ఏడేళ్ళు. "ఇంక తుప్పన్న మాట మర్చిపో మామా, 9హెచ్!" అన్నాడు. అదేంటని కోటింగు కొట్టు కుర్రాణ్ణి అడిగాను. "వజ్రం పది అన్నా, మనది తొమ్మిది."

గట్టిదనంలో వజ్రానికి పది వేసింది 1812లో మోస్ అనే జర్మన్ ఖనిజ పండితుడు. ఆయన లెక్కలో తొమ్మిదంటే కెంపు, నీలం. ఈ కోటింగు డబ్బా మీది తొమ్మిది వేరే బడిది. బొమ్మలేసేవాళ్ళకు హెచ్‌బీ, టూబీ పెన్సిళ్ళు ఉంటాయి చూడండి, ఆ వరసలో బాగా గట్టి పెన్సిలు 9హెచ్. దాన్ని 45 డిగ్రీల వాలులో పూత మీద ఆనించి తోస్తారు. గీత పడకపోతే పాసు. అంటే నాలుగు వేలకు నేను కొన్న అభయం ఇదీ: ఏ డ్రాయింగు మాస్టారైనా మా ట్యాంకు మీద బొమ్మ గీయబోతే సాగదు.

దర్శిలో పెన్సిలు దాడికి గురైన బండిని నేనింతవరకు చూళ్ళేదు. తాళాల గుత్తి, మిరప టిక్కీ, సంతలో పక్క బండి హ్యాండిలు, వీటి దెబ్బలు చూశాను. మావాడి ట్యాంకు మీద పదో రోజుకే ప్యాంటు జిప్పు గీసుకుంది. జిప్పు ఎన్ని హెచ్‌లో కుర్రాడు చెప్పలేకపోయాడు.

 

మొన్న వానకు తడిసొస్తే వంగి అడుగున చూశాను. మడ్‌గార్డు లోపల నల్లరేగడి పిడకలా అంటుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే మట్టితో పాటు రేకూ పొరలుగా ఊడొచ్చింది. చైను ఇటుక రంగు. పత్తి చేనుకు పొటాషు బస్తా వెనక సీటు మీదే వేసుకుపోతాం కదా, కుట్టులోంచి రాలే ఆ పొడి క్లోరైడు ఉప్పు. చెమ్మ తగిలితే ఇనుమును కొరికేస్తుంది. అది రాలే చోట పూత చుక్క లేదు. మరి ఎక్కడ పూశారు? ట్యాంకుకూ, ప్లాస్టిక్ డూములకూ. ప్లాస్టిక్కుకు తుప్పేమిటయ్యా! వారంటీ కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది, తుప్పుకు వారంటీ వర్తించదట. తుప్పు పేరు చెప్పి డబ్బులు లాగి, తుప్పుకే వర్తించదంటే దాన్ని వ్యాపారం అనను. మోసం అంటాను. పత్తి అమ్మిన డబ్బురా అది.

నిన్న మా పాత మెకానిక్కు పళ్ళు తోమే బ్రష్షు డీజిల్లో ముంచి చైను లింకు లింకూ తోమాడు. గుడ్డతో తుడిచి, చక్రం తిప్పుతూ గేరాయిలు బొట్టుబొట్టుగా వేశాడు. మడ్‌గార్డు లోపల నూనె గుడ్డ రాశాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు. మా మేనల్లుడు మాత్రం ఆ జిడ్డు చెయ్యి ట్యాంకుకు తగలకుండా అంతసేపూ కాపలా కాశాడు.