వడ్డీ లేని ఊరు

మా నూజివీడులో వడ్డీ అన్న మాటే వినపడదు.

పన్నెండేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి, ఆ డబ్బుతో రెండెకరాల రసాల తోట కొన్న భాయ్ ఒకాయన ఉన్నాడు. బ్యాంకు వేసే వడ్డీని ముట్టుకోడు. ఏటా లెక్కగట్టి తీసి, ఎవరి మరుగుదొడ్డి మరమ్మతుకో ఇచ్చేస్తాడు. "హరామ్ సొమ్ము అబ్బాయ్, దొడ్డికే తగును" అంటాడు. నిష్ఠంటే అదీ!

ఇలాంటి నిష్ఠాపరుల కోసమే 'హలాల్ లాభం' పుట్టింది. వడ్డీలేని బ్యాంకింగ్ పెట్టమని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో చెప్పింది. అందరికీ బ్యాంకులున్నాయి కదా అని రిజర్వ్ బ్యాంకు 2017లో ఆ ఫైలు మూసేసింది. దేవుడి పేరుతో కొట్లు మాత్రం తెరిచే ఉన్నాయి. తిరుపతి నుంచి పైకొచ్చిన నౌహెరా షేక్ గారి హీరా గ్రూప్ ఏడాదికి 36 శాతం లాభం ఆశ చూపిందని కేసులు పడ్డాయి. 2018 అక్టోబరులో ఆవిడ అరెస్టయ్యారు. గల్ఫ్ చెమట డబ్బూ అందులో ఇరుక్కుంది. ఏడాదికి 36 అంటే నెలకు మూడు. సంతలో చింతపండు అమ్మే అవ్వయితే దాన్ని 'మూడు రూపాయల వడ్డీ' అంటుంది. పాపం, ఆమెకు అరబ్బీ రాదు.

ఇస్లాం ఒప్పుకునే లాభం ముదారబా అనే భాగస్వామ్యంలో ఉంది: సొమ్ము ఒకరిది, కష్టం ఇంకొకరిది. లాభానికి వాటాలుంటాయి, నష్టమొస్తే సొమ్ము పెట్టినవాడిదే. నెలకింత అని ముందే తేలిపోతే పాపం నష్టం ఎక్కడ కూర్చోవాలి?

ఇక తోట సంగతి. కాయ రంగు తిరగకముందే చెట్టు మీది కాపు అమ్మొద్దన్నారు ప్రవక్త. కాయ దక్కకపోతే ఎదుటివాడి సొమ్ము ఏ హక్కుతో తింటావని అడిగారు. ఏళ్ల తరబడి కాపు ఒకేసారి అమ్మడమూ కూడదన్నారు. మన భాయ్ పూత మీదే, మూడేళ్లకి, గుత్తకిచ్చేశాడు. తేనెమంచు పురుగు పడితే అది గుత్తదారు ఖర్మ.

గుత్తదారుకు కమీషన్ వ్యాపారి అడ్వాన్సిస్తాడు, నయాపైసా వడ్డీ లేకుండా! సరుకు ఆయనకే వేయాలి, రేటు ఆయన చెప్పిందే, పైన కమీషను, ఆపైన తరుగు. ఆయన ఏ మతమైనా కావచ్చు. కాటాకి టోపీ లేదు, బొట్టూ లేదు.

మొన్న అడిగాను, "భాయ్, మూడేళ్ల కాపు పూత మీద..."

"అది వడ్డీ కాదుగా!" అన్నాడు.

చేతిలో పాస్‌బుక్కుంది. ఈ ఏటి వడ్డీ 311 రూపాయలట. ఎవరి దొడ్డి కూలిందా అని వెతుకుతున్నాడు.