తొట్టి తళతళలాడాలంటే: కొత్తగా చేపలు పెంచేవారికి చిట్కాలు

గాజు తొట్టిలో చేపలు పెంచాలన్న ఉబలాటం ఆదివారం పొద్దున్నే పుడుతుంది. కాబట్టి సాయంత్రానికల్లా తొట్టిలో చేపలు ఈదుతూ ఉండాలి. ఇందులో రెండో మాట లేదు.

తెలిసినవాళ్లమని చెప్పుకునే కొందరు అడ్డుపడతారు. ముందు ఖాళీ ట్యాంకులో ఫిల్టరు తిప్పాలట. రోజూ చిటికెడు మేతో, చుక్కల లెక్కన అమ్మోనియానో వెయ్యాలట. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలట. ఎవరి కోసమయ్యా అంటే, బ్యాక్టీరియా కోసం! చేప మొప్పల్లోంచి వదిలే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ నైట్రైట్‌గా మారిస్తే, దాన్ని నైట్రోస్పైరా నైట్రేట్‌గా మారుస్తుందట. మొదటి రెండూ చేపకు విషం. మూడోది పెద్దగా బాధించదు, అప్పుడప్పుడూ కొంత నీరు మారిస్తే చాలు. నైట్రోస్పైరాలో కొన్ని రకాలు ఈ రెండు పనులూ ఒంటిచేత్తో చేసేస్తాయని 2015లో తేలింది. వాటిలో ఒకటి దొరికింది కూడా చేపల పెంపకం ఫిల్టరులోనే. అంత సమర్థులకు మన ఆసరా దేనికి? వాటి పాట్లేవో అవి పడతాయి. గృహప్రవేశంలో ఉత్త తొట్టి బుడబుడలాడుతుంటే మేనత్త వచ్చి "చేపలేవిరా?" అంటుంది. ఆవిడకు బ్యాక్టీరియాను చూపిస్తారా?

కనుక తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు ఒకేసారి తెచ్చెయ్యండి. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. షాపతను వాస్తు పేరు చెప్పి అమ్మేది ఆ లెక్కే. ట్యాంకు ఎన్ని లీటర్లదని వాస్తు అడగదు.

నీళ్లు మున్సిపల్ కుళాయి నుంచి నేరుగా పట్టండి. క్రిములు చావాలనే కదా వాటిలో క్లోరిన్ కలుపుతారు! దాన్ని విరిచేయడానికి యాంటీ క్లోరిన్ చుక్కలని షాపులో అమ్ముతారు. అది దండగ ఖర్చు. మనం తాగే నీళ్లు చేపలకు పనికిరాకుండా పోతాయా?

కొన్నాళ్లకు నీళ్లు తెల్లగా మసకబారతాయి. మిగిలిపోయిన మేత మీద బతికే వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే అలా అవుతుంది. మేత తగ్గించి వదిలేస్తే దానంతటదే తేటపడుతుందంటారు. మీరు మాత్రం వదలకండి. ట్యాంకంతా వంపేసి, రాళ్లను బకెట్లో పోసి బ్లీచింగ్ పౌడర్ చల్లండి.

అసలు పనంతా స్పాంజి దగ్గరుంది. ఫిల్టరు విప్పి చూడండి. గోధుమరంగు బురద పట్టి, వేళ్లకు జిగటగా తగులుతూ, మట్టి వాసనేస్తూ ఉంటుంది. ఇంట్లో ఇలాంటిది ఉంచుకుంటారా ఎవరైనా? కుళాయి కింద పెట్టి పిండండి. మొదట కాఫీ డికాషన్ లాంటి నీళ్లు కారతాయి. విసుక్కోకుండా పిండుతూ పోతే రంగు పలచబడి, చివరికి కొన్ననాటి స్పాంజి చేతికొస్తుంది. మనకు కావలసిన బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువేననీ, స్పాంజినీ రాళ్లనూ పట్టుకుని ఆ జిగటలోనే కాపురముంటాయనీ, ట్యాంకు నీళ్లే ఓ మగ్గులో తీసుకుని అందులో మెల్లగా జాడిస్తే చాలనీ సన్నాయినొక్కులు నొక్కుతారు. మన పేగుల్లో ఉండే ఇ. కోలై అన్నీ కుదిరితే 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి ఎంత లేదన్నా ఎనిమిది గంటలు కావాలి, ఒక్కోసారి రోజు దాటుతుంది. ఇంత సోమరులను కూర్చోబెట్టి మేపడం మన వల్ల కాదు.

రాత్రి మోటారు గుర్రుమంటే నిద్రపట్టదు, ఆపెయ్యండి. నీటి పారకం ఆగితే స్పాంజిలో ఆక్సిజన్ తరిగిపోయి ఆ బ్యాక్టీరియా ఉక్కిరిబిక్కిరవుతాయట. కరెంటు పోతే పనికొస్తుందని కొందరు బ్యాటరీ ఎయిర్ పంపు కూడా కొంటారు. ఇంట్లోవాళ్లకు విసనకర్రలు, చేపలకు బ్యాటరీ!

మరీ మనసొప్పకపోతే సీసాలో అమ్మే బ్యాక్టీరియా ఉంది. షాపు వాకిట్లో ఎండకు నిలబెట్టినదే అడిగి తీసుకోండి, గడువు తేదీ చూడొద్దు. దాన్ని పోసిన చేత్తోనే మెథిలీన్ బ్లూ కూడా పొయ్యండి. ఆ మందు మంచి బ్యాక్టీరియానూ బతకనివ్వదంటారు గానీ, నీళ్లకు ఎంత చక్కటి నీలం వస్తుందో!

నీటి పరీక్ష కిట్లు కొనకండి. భీమవరం వైపు రొయ్యల రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకుని ల్యాబుల చుట్టూ తిరుగుతారు, అమ్మోనియా ఎంతుంది, పీహెచ్ ఎంతుంది అని. పీహెచ్ పెరిగినా నీళ్లు వేడెక్కినా అదే అమ్మోనియా ఇంకా విషమవుతుందని వాళ్ల భయం. లక్షలు పెట్టారు, తిరగక తప్పదు. మీ చేపల ఖరీదెంతని?

కొద్ది రోజుల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మిమ్మల్ని గుర్తుపట్టాయన్నమాట. ఇంకో గుప్పెడు మేత వెయ్యండి. మొప్ప మూత ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సినది గోధుమరంగుకు తిరిగి ఉండొచ్చు. నైట్రైట్ నెత్తుట్లోకి దిగి, హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మొయ్యనివ్వకపోతే ఆ రంగు వస్తుంది. అందుకే మొప్పలెత్తి చూడకూడదు.

నల్లది పోతే ఇంటి దిష్టి పట్టుకుపోయిందని సంతోషించండి. మిగతా ఎనిమిదీ పోయాయంటే దిష్టి మరీ పెద్దదన్నమాట. ఎదురింటివాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి.